కరెంటు పొయ్యికి ఎర్రమన్ను

మా నల్గొండ జిల్లాలో సాగరు ఆనకట్ట కడుతున్న రోజులవి. నాలుగో తరగతితోనే బడికి దండం పెట్టిన నేను ఒక ఇంజనీరుగారి బంగళాలో వంటవాణ్ణి. వంటింటి గోడలోనే బిగించిన, లోతైన గూడులాంటి కరెంటు పొయ్యి ఉండేది. ఆ రోజు సాయంత్రం విందని, సాయానికి నా భార్య ఎల్లమ్మను తీసుకెళ్లాను. మా ఊళ్లో పొయ్యి అలికి ముగ్గు పెట్టందే నిప్పు రాజెయ్యరు.

"గీ పొయ్యిని గూడ అలుకుతరా?" అని అడిగింది.

"అలుకకుంటే ఎట్ల? ముగ్గు గూడ పెట్టు" అని నవ్వి, కోళ్లు కోయడానికి పెరట్లోకి పోయాను.

తిరిగొచ్చేసరికి అమ్మగారు ముందుగదిలోంచి ఒకటే కేకలు. "పొయ్యి వేడెక్కిందా లేదా? వాళ్ల జీపు వచ్చేస్తోంది!"

ఒక చేత్తో కోడిమాంసం గిన్నె పట్టుకుని, కంగారులో గుమ్మం పక్కనున్న పొయ్యి స్విచ్చి మీద వేలు పెట్టాను.

"జరాగు, లోపల ఇంకా తడి ఆరలే!"

తల తిప్పితే, ఎల్లమ్మ చెయ్యి మోచేతి దాకా పొయ్యిలో ఉంది. లోపలంతా ఎర్రమన్ను పూసింది. కరెంటు కమ్మీల మీంచి నీళ్లు కారుతున్నాయి.

గిన్నె చేజారింది.

"గట్ల మాంసమంత పారవోసినవేంది? నువ్వే గద అలుకుమన్నవ్!" అంది.

విందు కట్టెల పొయ్యి మీదే వండాం. చీవాట్లన్నీ నేనే తిన్నాను. పరాచికాలు మానలేదు గానీ, ఈనాటికీ నోరు తెరిచే ముందు ఆమె చేతులెక్కడున్నాయో చూసుకుంటాను.