రాని జబ్బుకి మాత్ర

ఆ రోజుల్లో నాకు కొంచెం పొగరుండేది. మరీ పాత రోజులు కావు, నాలుగేళ్ల కిందటివి; అప్పటికి నాకు అరవై తొమ్మిదేళ్ల రెండు నెలలు. (డెబ్బై మూడులో నిలబడి చూస్తే అది పడుచుతనమే.) ఛత్రపూర్‌లో ఒక ఆఫీసు స్టోరుగది ముప్పై నాలుగేళ్లు చూసినదాన్ని కనుక, మా బరంపురం ఇంట్లో ఏ సీసాలో ఎంతుందో నాకు తెలియకుండా ఉండదని నా నమ్మకం. తమ్ముడి కొడుకు, ఇరవయ్యారేళ్లవాడు, ఉద్యోగం చేసుకుంటూ నా దగ్గరే ఉండేవాడు. వాడి అలమరలో ఒక మాత్రల సీసా కనిపించింది. "బలానికత్తా" అన్నాడు. మూతమీద కొన్న తేదీ రాసిపెట్టాను. రోజుకొకటి, ముప్పై మాత్రలు. ఇరవయ్యో రోజున చూస్తే పది ఉండాల్సినచోట పదిహేడున్నాయి.

"ఏట్రా ఇది? ఏడు రోజులు మానీసినావు!"

"సీసా రెండు వేల పైమాటత్తా. మద్దిమద్దిన మానితే ఇంకో వారం వొస్తాది."

మర్నాడు పొద్దున్నే సీసా పట్టుకుని, వాణ్ణి వెంటబెట్టుకుని మందుల షాపుకి వెళ్లాను. "నా బీపీ మాత్రలకి నూటికి పది తగ్గిస్తావు కదా, మా పిల్లడి మాత్రకి ఎందుకు తగ్గించవు?" అని సీసా పైకెత్తి మరీ అడిగాను. వెనక ఆరుగురున్నారు (లెక్కపెట్టాను). ఒడియా షాపాయన తల దించుకుని, "మావుసీ, కాస్త మెల్లగా" అన్నాడు. తిరిగి చూస్తే మేనల్లుడు లేడు.

ఇంటికొచ్చేసరికి వాడు బట్టలు సంచిలో సర్దుతున్నాడు. "అది బలానికి కాదత్తా. ఎయిడ్స్ రాకుండా ఏసుకునీది. నాకు జబ్బేటీ లేదు. నాకు మగోళ్లంటేనే ఇష్టం, అందుకని జాగర్త. నాలాటోడే నా స్నేయితుడొకడు, డబ్బులుండీ కొనడు. సీసా సూస్తే రోగిష్టోడంటారని బయం. నువ్వేమో బజార్ల ఎత్తి సూపించీసినావు. ఎల్లిపోతానత్తా."

నోటికొచ్చింది అనేశాను: "రాని జబ్బుకి రెండు వేలా?"

ఏడుపు ఆపుకుంటున్నవాడల్లా ఫక్కున నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎదురుగా వాకిలి గోడమీద సుద్దతో వేసిన తేదీ కనిపిస్తోంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ మాత్రలిచ్చే ఆశా కార్యకర్త, ఒక చిన్నపిల్ల, వేసిన గుర్తు అది. బోదకాలు లేని నేను ఏటా ఆ పిల్ల కళ్లెదుటే మింగుతాను. ఆ జబ్బు ఏం చేసి తెచ్చుకుంటావని నన్ను ఒక్కరూ అడగలేదు. పైగా అది ఉచితం.

"సంచి దించు" అన్నాను. "సగం దర నాను పెడతాను. కాని రోజూ పొద్దున్న నా ఎదర మింగాల, ఆశా పిల్ల ఎదర మింగినట్టు."

వాడు మింగేవాడు, నేను వంటింటి తలుపుమీద సుద్దగీత గీసేదాన్ని. నెల తిరిగేసరికి వాడి వరసలో ఒక్క ఖాళీ లేదు. ఆ పొద్దున్న నా బీపీ మాత్రల అట్ట తిప్పి చూస్తూ, "ఏటత్తా, నాలుగు మిగిలిపోనాయి?" అన్నాడు. వాడివి లెక్కపెట్టే సంబరంలో నావి నేను మరిచిపోయాను. వాడు సుద్దముక్క లాక్కుని, పక్కన నా వరస గీసి, ఖాళీలు నాలుగూ వదిలి, "ఇంక నువ్వూ నా ఎదరే మింగాల" అన్నాడు.

ఆ నెల గీతలు ఇప్పటికీ తుడవలేదు. కాఫీ కలుపుకుంటూ చూసినప్పుడల్లా, షాపులో సీసా పైకెత్తిన ఆ అరవై తొమ్మిదేళ్ల పడుచుదాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, వెనక నిలబడ్డవాళ్లని కూడా లెక్కపెట్టింది, తన మాత్రలు తప్ప.