రెండు గ్లాసుల బావగారు

సాయంత్రమైతే బావగారు చిల్లుల బనీనుతో పొట్ట బల్లకానించి, రెండు గ్లాసులు ముందు పెట్టుకుంటారు. ఒకదాంట్లో మొక్కజొన్నతో చేసే బర్బన్ విస్కీ, రెండోదాంట్లో రై గింజలతో చేసే రై విస్కీ. తేడా పట్టాలని రెండూ మార్చి మార్చి వాసన చూసి, గుక్కెడు పుక్కిలించి గిన్నెలో ఉమ్ముతారు. ఆ గిన్నె మా అక్కే కడగాలి.

"ఇది తేనె, అది మిరియాలు," అంటారు మీసం నాక్కుంటూ. ఆ వేళప్పుడు ఇంట్లో ఉల్లిపాయైనా వేయించకూడదు, వాసన చెడుతుందట.

మొన్న వాళ్లమ్మకి దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఊపిరాడలేదు.

"ఒరే, ఛాతీకి కాస్త బామ్ రాయించరా."

"ఆగమ్మా! ఆ ఘాటుకి రెండింటికీ తేడా తెలిసి చావదు."

ఆవిడ దుప్పటి నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకోబోయింది. అక్క బామ్ తెచ్చి రాసింది. బావగారు గ్లాసులు రెండూ పట్టుకుని విసురుగా బయటికి నడిచారు.

"ఛీ, కొంపంతా కంపు!"