మధ్యలో తుంచిన మాట

నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. కొలతలు తీసుకునే పనిలో పెద్దగా మాట్లాడక్కర్లేదని టైలరింగ్ నేర్చుకుని, రేపల్లెలో చిన్న షాపు పెట్టుకున్నాను. లైనింగ్ గుడ్డకు తెనాలి వెళ్ళాల్సి వస్తే, టికెట్ కిటికీ దగ్గర 'తెనాలి' అనే మాట నోట రాక, తేలిగ్గా పలికే గుంటూరుకే టికెట్ కొని, దారిలో తెనాలిలో దిగిపోయేవాణ్ణి.

మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు నత్తి మొదలైంది. దాని నోట నా గొంతే వినపడినట్టయి ఒళ్ళు ముడుచుకుపోయేది. అది మాట మొదలుపెట్టగానే నేనే పూర్తి చేసేవాణ్ణి. నన్ను చూసి నవ్వినట్టు దాన్ని చూసి ఎవరూ నవ్వకూడదని. అదే ప్రేమ అనుకున్నాను.

ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేర్పించడానికి బాపట్ల తీసుకెళ్ళాను. బల్ల వెనక కూర్చున్నాయన "ఏ సబ్జెక్టు తీసుకుంటావమ్మా?" అని అడిగాడు.

"బ... బ..."

"బోటనీ అండి," అన్నాను గబుక్కున. ఆయన రాసేసుకున్నాడు.

బస్టాండుకు వచ్చాం. బల్ల మీద కూర్చున్నాక అమ్మాయి అంది: "నేను చెప్పబోయింది బోటనీ కాదు నాన్నా. బ... బయోకెమిస్ట్రీ."

"మరి అక్కడే చెప్పొచ్చుగా?"

"ఎప్పుడు చెప్పనిచ్చావు?"

వెనక్కి వెళ్ళి మార్పించవచ్చు. కానీ మళ్ళీ అంతమంది ముందు నిలబడి, జరిగిందంతా ఈ నోటితో చెప్పాలనుకునేసరికి, లేవకుండా అక్కడే కూర్చుండిపోయాను.

"బోటనీ కూడా మంచిదేలేమ్మా," అన్నాను.

ఇంటికి వచ్చే దారిలో బస్సు చెరుకుపల్లి దాటినా అది కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు బాపట్లలో ఒక స్కూల్లో సైన్సు చెబుతోంది. నత్తి పోలేదు. అయినా పిల్లల ముందు ఆగి ఆగి, మాట పూర్తయ్యేదాకా చెబుతుందట. నా గొంతును ఒక్కరోజూ సహించలేని నేను, అదే గొంతున్న బిడ్డను ఏపాటి ప్రేమించానో ఈ వయసులో అర్థమవుతోంది.

పోయిన వేసవిలో వచ్చినప్పుడు అడిగాను, "నా మీద కోపమా అమ్మా?"

"కోపం లేదు నాన్నా. కానీ మాట్లాడేటప్పుడు నీ మొహం చూడను. చూస్తే మాట ఆగిపోద్ది."

ఆ సాయంత్రం వంటింట్లో వాళ్ళమ్మతో కబుర్లు చెబుతోంది. తడబడుతూనే, నవ్వుతూ. లోపలికి వెళ్దామని లేచి, గుమ్మం దాకా వెళ్ళి, ఆగిపోయాను.