నైరుతి గొయ్యిలో చెల్లెలి ఇల్లు

నిన్న మధ్యాహ్నం మా ఏసీ మళ్ళీ మొరాయించింది. మెకానిక్ భయ్యా ఫోనెత్తడు. చెమటలు కక్కుకుంటూ కిటికీ తెరిస్తే ఎదురుగా, రోడ్డుకు దిగువన, తన ఇంటి వరండాలో మా చెల్లెలు దుప్పటి కప్పుకుని మరీ నిద్రపోతోంది. ఏసీ లేదు, కూలరు లేదు. మనవలున్న ఈ వయసులో కూడా నాకు కడుపు మండిపోయింది.

ఆ స్థలం నిజానికి నాది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా ఆయనా, చెల్లెలి మొగుడైన మా మరిదీ పనిచేసే ఆఫీసు సొసైటీ గ్రేటర్ నోయిడాలో చీట్లు తీసి స్థలాలు పంచింది. మాకు పాత ఇటుకబట్టీ వాళ్ళు మట్టి తవ్వుకుని వదిలేసిన గొయ్యి వచ్చింది. ఎదురుగా చదునైన స్థలం చెల్లెలికి. పైగా మా గొయ్యికి నైరుతి మూల మరీ పల్లం. నైరుతి పల్లమైతే ఇంటి యజమానికి గండమని మా అత్తగారు అనగా విన్నదాన్ని, రెండు రోజులు అన్నం మానేసి కూర్చున్నాను. చివరికి చెల్లెలే, "పోనీలే అక్కా, మార్చుకుందాం" అంది. దానికి వాస్తు పట్టింపు లేదు. గండం దాని నెత్తిన పెడుతున్నానన్న ఆలోచన నాకప్పుడు రాలేదు. వచ్చినా తోసేశానేమో.

మేము కాంట్రాక్టరుకి అప్పగించి ఏడాది తిరక్కుండా మూడంతస్తుల డాబా లేపాం. వాళ్ళు గొయ్యి పూడ్చనే లేదు. చెల్లెలు గళ్ళకాగితం మీద ప్లాను గీసి, చెరిపి, మళ్ళీ గీసి, ఒక గోడని గొయ్యి గట్టుకే ఆనించింది. మరిది ఆదివారాలు లుంగీ ఎగ్గట్టి, అక్కడి మట్టినే చేతిమిషన్లో నొక్కి ఇటుకలు చేశాడు. గోడలకి ఎండా వానా తగలకుండా చూరు బారెడు ముందుకు లాగారు. కాల్చని ఇటుకల ఇల్లు తొలి వానకే కరిగిపోతుందని వీధంతా చెప్పుకొచ్చింది నేనే.

ఆ తొలి వాన రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. పొద్దున్నే గిన్నెడు పులిహోర కలిపి, మేడమీద గది ఖాళీ చేయించాను. మునిగినవాళ్ళు తడిబట్టలతో వస్తారుగా! ఎంతకీ రారే. గొడుగు వేసుకుని, మొహం దిగులుగా పెట్టుకుని నేనే వాళ్ళ మెట్లు దిగాను.

ఇల్లు పొడిపొడిగా ఉంది. నీళ్ళన్నీ చుట్టూ తవ్విన కాలవ వెంట నైరుతి మూలన కట్టిన తొట్టిలోకి పోతున్నాయి. "వదినగారూ, మీ డాబా నీళ్ళు కూడా ఇటే వచ్చేస్తున్నాయండీ!" అన్నాడు మరిది సంబరంగా.

చెల్లెలు గిన్నె మూత తీసి చూసింది. "మేం మునిగిపోయామనుకున్నావా అక్కా?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. "అనుకోలేదే. మునగాలని కోరుకున్నాను."

మరిది కాలవ చూసొస్తానంటూ బయటికి జారుకున్నాడు. చెల్లెలు మాత్రం పళ్ళేలు తెచ్చింది. "నా జడ పొడుగని నిద్రలో కత్తిరించినదానివి, నీ కుళ్ళు నాకు తెలీదూ? కూర్చో." ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "హడావిడిలో ఉప్పు మరిచిపోయావు" అంది.

ఎండాకాలం మా బోరు ఎండితే ఇప్పటికీ ఆ తొట్టి నీళ్ళే తెచ్చుకుంటాం. కాలం అన్నిటినీ చల్లారుస్తుందంటారు. ఇరవై ఏళ్ళు దాటినా మా డాబానీ, నా కడుపునీ మాత్రం చల్లార్చలేకపోయింది.