కండక్టరు మంద

కండక్టరు ఇప్పటికీ కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక చెయ్యి పైకెత్తి నిలబడతాడు, కదిలే బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు. వాళ్ళింట్లో తాత ముత్తాతల నుంచి గొర్రెను మేపినవాడు లేడు. అయినా ఉద్యోగం మానేసి మంద కొన్నాడు. పొద్దున్నే దొడ్డి తడిక తీసి "రైట్, రైట్" అంటాడు, గొర్రెలు కదుల్తాయి. పక్క దొడ్డి ముసలి కాపరి పడీ పడీ నవ్వుతాడు. నవ్వనీ.

మందలో మొదట పుట్టిన పిల్లను, చలేస్తుందేమోనని, సబ్బుతో ఉతికిన తువ్వాలుతో శుభ్రంగా తుడిచాడు. తల్లి వాసన చూసి దాన్ని కుమ్మి తోసేసింది.

"బిడ్డ వాసనంతా తుడిచేశావు కదరా! పాలివ్వకపోతే సాయంత్రానికి చస్తుంది," అన్నాడు ముసలి కాపరి.

చూసిపోదామని వచ్చిన బావమరిది ముక్కు మూసుకున్నాడు. "ఇక చాల్లే బావా, స్నానం చేసి రా. డిపోలో మాట్లాడి పెట్టాను."

కండక్టరు వంగాడు. ఈనినప్పుడు కింద పడ్డ మాయను రెండు చేతులా తీసి పిల్ల ఒంటికి పులిమాడు, మిగిలింది తన చొక్కాకి రాసుకున్నాడు. తల్లి మెడను చంకలో ఇరికించుకుని పెంటికల్లోనే చతికిలబడ్డాడు. అది తన్నింది, తలతో పొడిచింది. వదల్లేదు. చాలాసేపటికి దాని నాలుక పిల్ల వీపు మీదికి వెళ్ళింది, ఆ తర్వాత అతని మోచేతి మీదికీ వచ్చింది.

"బావా, స్నానం..."

"నువ్వు దిగిపోరా. ఈ బండి డిపోకి రాదు."