బడి మూసిన దయామణి గారు

మొన్న ఉంగుటూరు నుంచి ఏలూరు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి, రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని నుదుటికి అద్దుకుంది. నీలగిరి తైలం. కిటికీలోంచి గాలి కొడుతున్నా ఆ ఘాటు నేరుగా వచ్చి నా ముక్కుకు తగిలింది. "తలనొప్పండి, ఏమీ అనుకోకండి" అంది ఆవిడ. ఏమీ అనుకోలేదన్నాను. కానీ ఆ తరవాత ఏలూరు వచ్చేదాకా ఆవిడ చెప్పిన మాటలేవీ నా చెవికెక్కలేదు. నలభై ఏళ్ల కిందట దయామణి గారు పడవ దిగి నా బడిలోకి వచ్చిన పొద్దున, ఆమెకంటే ముందు లోపలికి వచ్చింది ఈ వాసనే.

దయామణి గారు అప్పట్లో ఆడపిల్లల బళ్లను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. ఏలూరులో ఒక మిషను కుటుంబంలో పుట్టి, టీచరు ట్రైనింగ్ అయ్యి, కొన్నాళ్లు పాఠాలు చెప్పాక ఈ ఉద్యోగంలోకి వచ్చారు. కొల్లేటి లంకల్లోనూ, కాలవ గట్ల వెంట ఊళ్లలోనూ ఉన్న బళ్లన్నీ ఆమె పరిధిలోవే. నెలలో సగం రోజులు పడవల మీదా ఎడ్లబళ్ల మీదా గడిచేవి. ఎప్పుడూ తలనొప్పి. ఎప్పుడూ చీర అంచున ఎండిన బురద.

నేనా, పెంటపాడులో కూలిపని చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. చర్చి వాళ్లు చదివిస్తే చదివాను, ఏలూరులో ట్రైనింగ్ పూర్తి చేశాను. కాగితం చేతికొచ్చాక ఏడాదిపాటు ఉద్యోగం రాలేదు. మా నాన్న ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారిని అడిగేవాడు, "మా సుగుణ సంగతి ఏమైనా తెలిసిందాండి?" అని. చివరికి కలిదిండి వైపు ఒక లంకలో, చేపలు పట్టే కుటుంబాల ఆడపిల్లల కోసం పెట్టిన చిన్న బడిలో నన్ను వేశారు. తాటాకుల పాక, ఒక నల్లబల్ల, ఒక కుర్చీ. చుట్టూ నీళ్లు, కిక్కిస గడ్డి, గూడబాతులు. ఊరికి పెద్దమనిషి ఒకాయన ఆ బడికి మేనేజరు. సర్కారు గ్రాంటు ఆయన పేరనే వచ్చేది.

రిజిస్టరులో ముప్పై రెండు మంది పిల్లలుండేవారు. వచ్చేది తొమ్మిది మంది, బాగా వస్తే పన్నెండు. మొదటి వారంలోనే మేనేజరు గారు వచ్చి, ఎంతో మర్యాదగా చెప్పారు. "రాని పిల్లలకి కూడా హాజరు వేసెయ్యండి టీచరమ్మ గారూ. హాజరు లేకపోతే గ్రాంటు లేదు, గ్రాంటు లేకపోతే బడి లేదు, బడి లేకపోతే మీరెక్కడుంటారండి?" వేశాను. మొదటి రోజు రాని పిల్లల గీతలు బడి వదిలాక సన్నగా గీశాను. నెల తిరిగేసరికి పిల్లలు రాకముందే ముప్పై రెండు గీతలూ గీసేసి, తరవాత తలుపు తీసేదాన్ని.

అలా పది నెలలు గడిచాక దయామణి గారు వచ్చారు. ఆమె వస్తారని మేనేజరు గారికి ముందే తెలిసింది. ఆ పొద్దున ఆయన పక్క లంక నుంచి ఇరవై మంది పిల్లల్ని దోనెల్లో తెప్పించి, తలలు దువ్వించి, బల్లబద్దల్లా వరసగా కూర్చోబెట్టారు. ఎవరు ఏ పేరుకి పలకాలో నేనే నేర్పాను. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

దయామణి గారు రుమాలు నుదుటికి అదుముకుంటూ పేర్లు చదవసాగారు. "వెంకటలక్ష్మి." ముందు వరసలో ఒక పిల్ల "వచ్చానండి" అంది. వెనకనించి ఇంకో పిల్ల కూడా "వచ్చానండి" అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక పిల్ల భయపడి, "నేను కాదండి, నాకిచ్చిన పేరు ఇంకోటండి" అంది. ఎవరూ నవ్వలేదు. దయామణి గారు రిజిస్టరు మూసి పక్కన పెట్టేశారు.

తరవాత ఆమె చేసిన పని నేను ఊహించనిది. లేచి, సుద్దముక్క తీసుకుని, నల్లబల్ల మీద పెద్ద వల బొమ్మ గీశారు. "ఇదేంటమ్మా?" అన్నారు. "వలండి" అన్నారందరూ. "కన్ను ఎంత పెద్దగా ఉంటే ఏ చేప ఆగుతుంది?" ఇంక ఆ పిల్లల్ని ఆపడం ఎవరి తరం? కొర్రమట్టకింతండి, జెల్లకింతండి అని వేళ్లతో చూపించారు. ఆ వల కిందే ఆమె 'వ' రాశారు, 'ల' రాశారు. పక్క లంక నుంచి అరువు తెచ్చిన పిల్లలు కూడా నేల మీద వేలితో దిద్దారు. అరగంటసేపు ఆమెకి తలనొప్పి గుర్తున్నట్టు లేదు. తనిఖీకి వచ్చిన సంగతి కూడా మరిచిపోయారనుకున్నాను. మరిచిపోలేదు.

పడవరేవుకి నన్ను ఒక్కదాన్నే రమ్మన్నారు. "ఆ గీతలు మీరే గీశారా?" అని అడిగారు. అవునన్నాను. ఎవరు గీయమన్నారని అడగలేదు.

"నా ఉద్యోగం పోతుందాండి?" అన్నాను.

"పోతుందమ్మా" అన్నారు. మెత్తగానే అన్నారు గానీ మాట మార్చలేదు. "నేను కూడా చూసీ చూడనట్టు రాస్తే ఈ బడి ఇంకో రెండేళ్లు కాగితం మీద ఉంటుంది. కాగితం మీద బడి ఉన్నన్నాళ్లూ ఈ ఊరికి బడి కావాలని పైవాళ్లకి తెలియదు. ఇది మూశాక అసలు బడి పెట్టమని నేను రాస్తాను."

నేను ఏడిచాను. ఆమె ఓదార్చలేదు. "ఈ పిల్లలు ఎందుకు రావడం లేదో ఎప్పుడైనా రాశారా?" అన్నారు. రిజిస్టరులో దానికి గడి లేదండి అన్నాను. ఆమె తన సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి ఇచ్చారు. "పడవ ఆపుతాను. రాయండి. ఒక్కొక్క పేరుకీ రాయండి."

రాని పిల్లల పేర్లన్నిటికీ రాశాను. ఒకతె పొద్దుట చేపలు ఎండబెట్టాలి. ఒకతె తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. ఒకతెకి చలిజ్వరం. నలుగురికి ఒంటి మీద మార్చుకోవడానికి ఇంకో గుడ్డ లేదు. ఇద్దరు పిల్లలసలు లేరు, పేర్లే ఉన్నాయి. రాస్తుంటే తెలిసింది, పది నెలల్లో ఇవన్నీ నాకు తెలుసుననీ, ఎవరూ అడగలేదు కనక తెలియనట్టే ఉన్నాననీ. దయామణి గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, తన నివేదికలో పెట్టుకున్నారు. నెలన్నరలో బడి మూసేశారు.

ఏలూరు తిరిగొచ్చి ఉద్యోగం కోసం తిరగని చోటు లేదు. బడి మూతపడ్డ టీచరంటే ఎవరూ కూర్చోమని కూడా అనేవారు కాదు. ఆకలి కంటే ఆ నిలబడడమే నన్ను ఎక్కువ అలిసిపోయేలా చేసింది. చివరికి ఒక సాయంత్రం, కోపమో నిస్సహాయతో తెలియకుండానే, దయామణి గారి ఇంటికి వెళ్లాను. కాలవ పక్కన రెండు గదుల వాటా. ఆమె గోరువెచ్చని నీళ్లలో పాదాలు పెట్టుకుని, ఒళ్లో కాగితాలు పెట్టుకుని రాసుకుంటున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "పీట వేసుకు కూర్చో సుగుణా" అన్నారు. మీరు కాస్తా నువ్వు అయింది.

"మునిసిపాలిటీలో మశూచి టీకాలు వేసే ఆడమనిషి కావాలట. మగవాళ్లు వెళ్తే ఆడవాళ్లు చెయ్యి చాపడం లేదు" అన్నారు.

"నేను టీచర్నండి" అన్నాను. గొంతులో రోషం నాకే వినిపించింది.

ఆమె కలం పక్కన పెట్టారు. "నాతో ట్రైనింగ్ అయినవాళ్లలో ఒకావిడ హాస్టల్లో మేట్రను. ఒకావిడ ఆస్పత్రిలో నర్సు. ఒకావిడ జమీందారు గారింట్లో ఆడవాళ్లకి చదివి వినిపిస్తుంది. ఇద్దరు పెళ్లిళ్లయి ఇంట్లో ఉన్నారు. నేను ఇదిగో, ఇలా రాసుకుంటున్నాను. బళ్లో మిగిలింది ఒక్కతే. ఇందులో ఎవరు టీచరో ఎవరు కాదో నాకు తెలియదమ్మా. ట్రైనింగులో నీకు మొట్టమొదట ఏం నేర్పారు?"

"పాఠం చెప్పడం."

"దానికి ముందు?"

ఆలోచించి చెప్పాను. "కొత్తగా వచ్చిన పిల్ల భయం పోగొట్టడమండి."

"టీకా వెయ్యడంలో సగం పని అదే" అని మళ్లీ కలం తీసుకున్నారు. వెళ్లేటప్పుడు ఒక ఉత్తరం ఇచ్చారు. అందులో నా గురించి ఒకే ఒక్క మాట రాశారని తరవాత తెలిసింది: ఈ అమ్మాయి తప్పు ఒప్పుకుంది.

ఉద్యోగమైతే వచ్చింది. కానీ అది సుఖమైన ఉద్యోగం కాదు. చేతిలో చిన్న పెట్టె, అందులో మందు గొట్టాలు, టీకా కత్తి, దూది. వీధిలోకి నేను అడుగు పెట్టగానే తలుపులు టపటపా మూసుకునేవి. అమ్మవారికి కోపం వస్తుందనేవారు, జ్వరం వస్తుందనేవారు, నా కులం అడిగి గడప దిగమనేవారు. మొదటి నెల ఆఖరున పై అధికారి నా పుస్తకం చూసి అరిచాడు. "ఇదేంటమ్మా? 'తలుపు తియ్యలేదు', 'ఏడ్చింది, రేపు రమ్మన్నారు', ఇదా లెక్క? పక్క వార్డు ఆయన చూడండి, అందరికీ వేసేశాడు." పక్క వార్డులో అందరికీ ఎలా వేశారో నాకు బాగా తెలుసు. ఆ గీతలు గీయడం నాకు అలవాటైన పనే. మళ్లీ గీయలేదు. అది ధైర్యమని చెప్పను. మళ్లీ ఎవరో వచ్చి ఒక తెల్లకాగితం చేతికిస్తారేమోనన్న భయం.

ఒక వీధిలో ఒక ఇల్లాలు మూడుసార్లు నన్ను బయటే నిలబెట్టింది. నాలుగోసారి నేను టీకా మాట ఎత్తలేదు. అరుగు చివర కూర్చుని, ఆమె కూతురికి మట్టిలో పేరు రాసి చూపించాను. ఆ పిల్ల పేరు సీత. రెండక్షరాలు రావడానికి నాలుగు రోజులు పట్టింది. రోజూ అటునుంచే వెళ్తూ కాసేపు కూర్చునేదాన్ని. అయిదో రోజున తల్లి తలుపు వెనక నుంచి, "ముందు నాకు వెయ్యండి. పిల్ల చూస్తుంది, భయం పోతుంది" అని జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. ఆ సాయంత్రం దయామణి గారికి చెబుదామని వెళితే తాళం వేసి ఉంది. మళ్లీ ఏదో లంకకి వెళ్లారట.

రెండేళ్ల తరవాత ఒక మాట విన్నాను. దయామణి గారిని ఇన్‌స్పెక్టరు పని నుంచి తీసేశారనీ, తాడేపల్లిగూడెంలో ఒక చిన్న బళ్లో ఒకటో తరగతికి వేశారనీ. ఏదో తప్పు చేసుంటారని కొందరన్నారు. ఒక శనివారం రైలెక్కి వెళ్లాను. శనివారం ఒంటిపూట బడి, ఇంకా వదల్లేదు. కిటికీ దగ్గర నిలబడి చూశాను. యాభై మంది పిల్లలు. ఆమె గొంతు బొంగురుపోయింది. ఒక పిల్ల ఆమె చీర చెంగు పట్టుకుని వదలడం లేదు, ఇంకో పిల్ల పలక పగిలిందని ఏడుస్తోంది. ఆమె మొహంలో వెలుగేదో కనిపిస్తుందని నేను ఆశపడ్డాను. కనిపించలేదు. బాగా అలిసిపోయిన మనిషి కనిపించింది.

బడి వదిలాక ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. "మిమ్మల్ని ఎందుకు తీసేశారండి?" అన్నాను.

"ఎవరూ తియ్యలేదు సుగుణా. నేనే అడిగి దిగాను. పదకొండేళ్లలో నేను మూసిన బళ్లు వేళ్ల మీద చెప్పగలను. తెరిచింది ఒక్కటీ లేదు. మీ లంకలో మధ్యాహ్నం పూట నడిచే బడి పెట్టమని నాలుగుసార్లు రాశాను. నువ్వు రాసిన కాగితం కూడా ప్రతిసారీ జతచేశాను. నాలుగుసార్లూ తిరిగొచ్చింది." నవ్వడానికి ప్రయత్నించారు. "నీ బడి మూయించి, నీకు చెప్పిన మాట నిలబెట్టుకోలేకపోయాను."

"ఇక్కడ కాస్త హాయిగా ఉందాండి?" అని అడిగాను, ఉందంటారని.

"హాయా? అక్కడా అలసటే, ఇక్కడా అలసటే. కాకపోతే ఇక్కడ ఎవరి కోసం అలిసిపోయానో సాయంత్రానికి పేరుపేరునా తెలుస్తుంది" అన్నారు. అప్పుడు నేను సీత సంగతీ, వాళ్లమ్మ సంగతీ చెప్పాను. చెప్పడం అయ్యేదాకా ఆమె నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. స్టేషను దాకా నడిచి వచ్చి, రైలు కదిలేదాకా నిలబడ్డారు. ఆ తరవాత ఆమెను నేను మళ్లీ చూడలేదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవక ముందే ఆమె టైఫాయిడ్‌తో పోయారని ఎవరో ఉత్తరం రాశారు. అప్పటికి వారమైందట.

నేను ఆ పెట్టె మోస్తూనే రిటైరయ్యాను. చివరి పదేళ్లూ కొత్తగా చేరిన అమ్మాయిలకి పని నేర్పమని నాకు అప్పగించారు. వాళ్లలో చాలామంది టీచరు ట్రైనింగ్ అయి బళ్లో చోటు దొరకనివాళ్లే. మొదటి వారంలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు, "దీనికోసమాండి మేం చదివింది?" అని. పని ముగించి ఆఫీసుకి వచ్చాక పుస్తకాలు మూయించి, ఈవేళ చూసిన పిల్లల పేర్లు చూడకుండా చెప్పమనేదాన్ని. కొందరు పది చెప్పేవారు, కొందరు రెండు చెప్పి ఆగిపోయేవారు. రెండు చెప్పినవాళ్లని నేనేమీ అనేదాన్ని కాదు. నాకే ఒక్క పేరూ గుర్తుకు రాని సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి. మర్నాడు పొద్దున్న కూడా పెట్టె పట్టుకుని బయల్దేరేదాన్ని.