పక్క మంచం మీద నాక్కూడా బావ

లోకంలో ఎవరికి ఏ జబ్బు వచ్చినా, అది తనకు కూడా ఉందనే మనిషి ఒకాయన ఉన్నాడు. ఉందని ఊరుకోడు. అవతలివాళ్ళ కంటే ఓ మెట్టు పైనే ఉందంటాడు. వృత్తికి దర్జీ. అసలు పేరు కొట్టు బోర్డు మీద రాసి ఉంది గాని తలెత్తి చదివినవాళ్ళు లేరు. చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ, కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళకూ ఆయన పేరు 'నాక్కూడా'. బస్సు డ్రైవరుకు మాత్రం స్వయానా భార్య అన్నగారు కాబట్టి, మర్యాద చెడకుండా 'నాక్కూడా బావ'.

చెల్లెలు కడుపుతో ఉన్న రోజుల్లో ఒకసారి, "పొద్దున లేస్తే చాలు, ఒకటే వికారం అన్నయ్యా" అంది. అనకుండా ఉండాల్సింది.

"నాక్కూడానే చెల్లెమ్మా. నీకు పొద్దుటి పూటే కదా? నాకు మూడు పూటలా!"

తొమ్మిది నెలలూ ఆమె తిన్న పులుపంతా తానూ తిన్నాడు. కాన్పు రోజున ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పడుకుని మూలుగుతుంటే నర్సు ఆగిపోయి, "ఈయన్ని ఏ వార్డులో వెయ్యాలమ్మా?" అని అడిగింది. పక్కనే నిలబడ్డ డ్రైవరుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంకోసారి, ప్రమాదంలో కుడికాలు పొట్టైపోయిన గుమాస్తా ఒకాయన ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చి, లోపలికి రావాలా వద్దా అని గుమ్మంలోనే నిలబడిపోయాడు. నాక్కూడా మెడలో టేపు సర్దుకుంటూ ఎదురెళ్ళాడు. "రండి సార్, రండి. నాక్కూడా కుడికాలు పొట్టే. మీకెంత, అంగుళమా? నాకు అంగుళమున్నర!" ఆ ముక్క అన్న పాపానికి ఏడాది పొడుగునా ఒక కాలు పొట్టి ప్యాంటు వేసుకుని, కుంటుతూ తిరిగాడు. "అబద్ధం ఆడేవాళ్ళని చూశాను గాని, దాన్ని ఇస్త్రీ చేసి తొడుక్కునేవాణ్ణి మీ అన్ననే చూశాను" అని డ్రైవరు పెళ్ళాం దగ్గర విసుక్కున్నాడు.

అలాంటి డ్రైవరుకే ఇప్పుడు జబ్బు చేసింది.

అదీ మామూలుది కాదు, నిద్ర జబ్బు. అతని గురకకు తాళలేక భార్య ఎప్పుడో ముందు గదిలోకి చాప మార్చేసుకుంది. గురకంటే ఎవరికి లేదని అతను పట్టించుకోలేదు. పగలు కునుకు పడుతుంటే వయసనుకున్నాడు. ఒక మధ్యాహ్నం, సన్నగా వాన పడుతుండగా ఎర్ర లైటు దగ్గర బస్సు ఆపాడు. ఆపడం వరకే గుర్తుంది. బ్రేకు మీద కాలు సడలింది, బస్సు మెల్లగా జారి స్తంభాన్ని ముద్దాడింది. అద్దం ఒకటి పగిలింది. లోపల నలభై మంది ఉన్నారు, ఎవరికీ గీత కూడా పడలేదు. ముందు సీట్లో కూర్చున్న ముసలమ్మ అరవలేదు, తిట్టలేదు. "లేచావా నాయనా?" అని అడిగింది, అంతే. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాడు.

ఒంటి నిండా వైర్లు తగిలించి పడుకోబెట్టి పరీక్ష చేశారు. నిద్రలో గంటకు ముప్ఫై నాలుగు సార్లు ఊపిరి ఆగిపోతోందన్నారు. అంటే ఇన్నేళ్ళుగా రాత్రంతా మునుగుతూ తేలుతూనే ఉన్నాడన్నమాట, తనకు తెలియకుండా. మందు లేదు. చెప్పుల పెట్టెంత మిషను ఒకటి ఇచ్చారు. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించుకునే మాస్కు. ఆ మిషను ఊదే గాలి గొంతు మూసుకుపోకుండా కాపలా కాస్తుంది. ఎన్ని గంటలు వాడిందీ లోపలి కార్డు మీద రాసుకుంటుంది కూడా. డిపోవాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు: ముప్ఫై రాత్రుల్లో కనీసం ఇరవై ఒక్క రాత్రి, రాత్రికి నాలుగు గంటలకు తక్కువ కాకుండా పెట్టుకున్నట్టు కార్డులో కనిపిస్తేనే మళ్ళీ స్టీరింగు. లేదా, రిటైరయ్యేదాకా 'పోయిన సామాన్ల గది'.

ఆ గదిలోనే అతన్ని అప్పటికే కూర్చోబెట్టారు. ప్రయాణికులు బస్సుల్లో మర్చిపోయినవన్నీ అక్కడికి చేరతాయి. నాలుగు అరల నిండా గొడుగులు, జత లేని చెప్పులు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు, ఎవరిదో పసిపిల్ల సాక్సు. వాటి కోసం ఎవరూ రారు. ఉన్న ఒక్క కిటికీలోంచి డిపో గేటు కనిపిస్తుంది. రోజూ పదింబావుకు అతని బస్సు వేరెవరి చేతిలోనో ఆ గేటు దాటి వెళ్ళిపోయేది. ఆ సమయానికి లేచి గొడుగుల దుమ్ము దులిపేవాడు, అటు చూడకుండా ఉండొచ్చని.

ఇక మాస్కు సంగతి. మొదటి రాత్రి పెట్టుకోగానే, పరుగెత్తే బస్సు కిటికీలోంచి తల బయటపెట్టినట్టు అనిపించింది. "ఏమేవ్" అని పిలవబోయి నోరు తెరిస్తే, మాటకు బదులు గాలి బుస్సుమని బయటికొచ్చింది. అంచుల్లోంచి గాలి కారి ఈల వేసింది. ఈల ఆపాలని పట్టీలు బిగించాడు. బస్సులో ఎక్కడ కిర్రుమన్నా నట్టు బిగించడం ఇరవై ఏళ్ళ అలవాటు. బిగించిన కొద్దీ ఈల పెరిగింది, పెరిగిన కొద్దీ బిగించాడు. పొద్దున అద్దంలో చూసుకుంటే బుగ్గల మీద చక్రాలు తొక్కిన మట్టిరోడ్డులా చారలు. ఏ రాత్రీ రెండు గంటలు దాటలేదు. తెలియకుండానే పీకి పారేసేవాడు.

పదో రోజు క్లినిక్కులో మిషన్ల వ్యవహారం చూసే టెక్నీషియనమ్మ కార్డు చూసి, పెదవి విరిచింది.

"తొమ్మిది రాత్రులూ పోయినట్టేనండీ. ఇక మిగిలింది ఇరవై ఒకటి."

"కావలసిందీ ఇరవై ఒకటేగా?"

"అందుకే చెప్తున్నా. ఇక ఒక్కటి కూడా పోకూడదు."

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. భార్య మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. మర్నాడు ఆమె అన్నకు ఫోను చేసింది. సాయం కోసం కాదు, ఏడవడానికి.

మూడు రాత్రులు ఆమె మంచం పక్కనే కూర్చుని, అతను మాస్కు పీకబోయినప్పుడల్లా చెయ్యి పట్టుకుని, ఎలాగో నాలుగు గంటలు దాటించింది. మూడో రోజుకల్లా నాక్కూడా బావ సంచీతో దిగాడు.

"నాక్కూడా ఉందట బావా!" అన్నాడు గుమ్మంలోంచే.

డ్రైవరుకు ఒళ్ళు మండిపోయింది. "ఏముందట?"

"నీ జబ్బే. నీకు గంటకెన్ని సార్లు ఆగుతోంది?"

"ముప్ఫై నాలుగు."

"అంతేనా! నాకు నలభై ఏడు. డాక్టరు రిపోర్టు చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఇన్నేళ్ళు ఎలా బతికారండీ అన్నాడు."

"కొట్టు మూసుకుని మరీ వచ్చావా ఇది చెప్పడానికి?"

"ఒక్కణ్ణే పడుకోకూడదన్నారు బావా. నలభై ఏడంటే మాటలా? పక్కన తెలిసినవాడు ఉండాలట. నాకు తెలిసిన వాళ్ళలో ఈ జబ్బున్నవాడివి నువ్వేగా. చిన్నదే అనుకో, ఉందిగా!"

అదే గదిలో రెండో మంచం వేయించుకున్నాడు. సంచీలోంచి మాస్కు తీశాడు, గొట్టం తీశాడు, పువ్వుల గుడ్డతో నాలుగు వైపులా కుట్టేసిన పెట్టె ఒకటి తీసి మంచం కింద పెట్టాడు.

"ఆ ముసుగేంటి?"

"మిషనుకు దుమ్ము పట్టకుండా."

"శబ్దం రావట్లేదే?"

"పెద్ద జబ్బుకు పెద్ద మిషను ఇస్తారు బావా. పెద్ద మిషను శబ్దం చెయ్యదు."

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే ఒకటే వరస. డ్రైవరు కళ్ళు తెరిచేసరికి నాక్కూడా బావ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని సిద్ధంగా ఉండేవాడు.

"ఎన్ని గంటలు బావా?"

"నాలుగు గంటలా అయిదు నిమిషాలు."

"పర్లేదు. చిన్నవాడివి. నాకు అయిదున్నర."

డ్రైవరు పళ్ళు నూరుకున్నాడు. ఆ రాత్రి నాలుగూ నలభై లాగాడు. బావ పావుతక్కువ ఆరన్నాడు. ఆరు లాగితే ఆరుంబావన్నాడు. "ఆయన మిషను మీద అంకెలు నువ్వెప్పుడైనా చూశావా?" అని డ్రైవరు భార్యను నిలదీస్తే, ఆమె పొంగుతున్న పాల వైపు పరుగెత్తింది. ఈ దర్జీ చేతిలో ఓడిపోవడం కంటే ముక్కు ఊడిపోయినా నయమని అతను మొండికెక్కాడు.

ఈల సంగతి కూడా బావే తేల్చాడు. ఒక సాయంత్రం డ్రైవరు పట్టీ బిగిస్తుంటే చేతి మీద ఒకటి చరిచాడు.

"ఏంటా లాగడం? కాలరు మరీ బిగిస్తే ఏమవుతుంది? వెనకాల ఉబ్బుతుంది. ఇదీ అంతే. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తుంది. వదులు చెయ్యి."

"వదులు చేస్తే ఇంకా కారుతుంది బావా."

"నీకు బస్సు తెలుసు, నాకు మనిషి కొలత తెలుసు. పడుకో. పడుకున్నాక మొహం జారుతుంది, అప్పుడు తియ్యాలి కొలత. నిలబెట్టి కాదు."

పట్టీలు రెండు వేళ్ళు వదులు చేశాడు. బుగ్గలు ఒరిసే చోట మెత్తటి గుడ్డ తొడుగులు కుట్టి తగిలించాడు. ఎక్కడెక్కడ నొక్కుతుందో చూపించకుండానే ఆయనకెలా తెలిసిందో డ్రైవరుకు అర్థం కాలేదు. ఆ రాత్రి ఈల ఆగింది.

అయినా అన్ని రాత్రులూ ఒకలా ఉండవు. ఇరవై మూడో రాత్రి అతను మాస్కు లాగేసి చీకట్లో లేచి కూర్చున్నాడు. 

"నా వల్ల కాదు బావా. మళ్ళీ బస్సెక్కినా... ఆవిడ 'లేచావా నాయనా' అన్న మాటే వినపడుతుంది. నలభై మంది. నేను నిద్రపోయాను."

పక్క మంచం మీది మాస్కు కదిలింది. "నాక్కూడా" అంది లోపల్నుంచి గొంతు.

"నువ్వూ బస్సు గుద్దావా?" డ్రైవరు కోపంగా అటు తిరిగాడు.

"కత్తెర పట్టుకుని నిద్రపోయాను. లేచేసరికి పెళ్ళికొడుకు కోటు రెండు ముక్కలు. ముహూర్తం పొద్దున్నే."

"అప్పుడేం చేశావు?"

"ఏం చేస్తాను? రాత్రంతా కూర్చుని కలిపి కుట్టాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. వణుకు తగ్గాక కుడదామనుకుంటే పెళ్ళి అయిపోయేది."

 బయట వాన మళ్ళీ మొదలైంది. డ్రైవరు తడుముకుని మాస్కు తీసుకున్నాడు, గుడ్డ తొడుగులు సర్దుకుని పెట్టుకున్నాడు. పొద్దున చూస్తే నాలుగు గంటలా రెండు నిమిషాలు. బావ ఆ రోజు తన లెక్క చెప్పలేదు.

ముప్ఫై ఒకటో రోజు టెక్నీషియనమ్మ కార్డు చూస్తున్నంతసేపూ డ్రైవరు ఊపిరి బిగబట్టే ఉన్నాడు. మెలకువలో కూడా ఊపిరి ఆపగలనని అప్పుడే తెలిసింది.

"ఇరవై ఒకటి" అంది ఆమె. "ఒక్కటి కూడా పోలేదు. డిపో డాక్టరుకు కాగితం రాసిస్తున్నాను. మిషను మాత్రం మానకండి." తర్వాత పెన్ను మూత పెడుతూ నవ్వింది. "మీ బావగారెలా ఉన్నారు? ఇప్పటికైనా నమ్మారా?"

"ఏం నమ్మాలి?"

"తనకే జబ్బూ లేదని. పట్టుబట్టి టెస్టు చేయించుకున్నారు. పసిపిల్లాడి నిద్రండీ ఆయనది. ఏమీ లేదంటే, మళ్ళీ చూడండి, సరిగ్గా చూడండి అని గంటసేపు దెబ్బలాడారు."

"మరి మిషను?"

"మిషనెక్కడిది? చూపించడానికి ఉంచిన పాత మాస్కు, గొట్టం అడిగి పట్టుకెళ్ళారు. అది తగిలించుకుని పడుకుంటే మీకు నిద్రెలా పడుతుందండీ అన్నాను. 'నిద్రపోవాల్సింది నేను కాదుగా' అన్నారు."

డ్రైవరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి, మడత సరిగ్గా రాలేదన్నట్టు మళ్ళీ మడిచాడు.

డిపోలో సంతకం అయ్యి, మర్నాడు పొద్దుటి డ్యూటీ రాయించుకుని ఇంటికొచ్చేసరికి పన్నెండయింది. నాక్కూడా బావ సంచీ సర్దేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. వెలుతురులో ఆయన మొహం అప్పుడే సరిగ్గా చూశాడు డ్రైవరు. కళ్ళ కింద నల్లటి సంచులు వేలాడుతున్నాయి. ముక్కు దూలం మీద మాస్కు ఒరిసి, ఎర్రగా పుండు.

"బస్సిచ్చేశారు బావా" అన్నాడు.

"తెలుసు. మెట్లెక్కే చప్పుడులోనే తెలిసింది."

"ముక్కు మీద అదేంటి?"

"ఎక్కడ? ఏం లేదే."

"మంటగా లేదూ?"

"అబ్బే, నాకేంటి! రాయిలా ఉన్నాను."

"నిద్ర సరిగ్గా పడుతోందా?"

"శుభ్రంగా. నాకేం లేదు బావా."

వంటింట్లో గిన్నె కిందపడింది. భార్య తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమన్నాడు? ఏం లేదన్నాడా?" అంది గుండెల మీద చెయ్యి వేసుకుని. "ఏమండీ, పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య నోటంట ఆ మాట రాలేదు. ఏదో పెద్దదే అయ్యుంటుంది. డాక్టరుకు ఫోను చెయ్యండి, తొందరగా!"

జవాబు చెప్పాల్సినవాడు అప్పటికే కుర్చీలో తల వాల్చేశాడు. సంచీ ఒళ్ళోనే ఉంది. డ్రైవరు పెళ్ళాం చేతిలోని ఫోను మెల్లగా తీసుకుని పక్కన పెట్టాడు, నవ్వు బయటికి రాకుండా పెదవి కొరుక్కుంటూ.

"అరవకే. పద్దెనిమిది రాత్రుల నిద్ర బాకీ ఉంది ఆయనకి. పడుకోనీయ్."